పదకొండు రోజుల తేడా

2023 ఆగస్టులో ఒక మధ్యాహ్నం మా ఆఫీసుకి ఒకావిడ సీడీసీ జిరాక్సులు పట్టుకుని వచ్చింది. నేను విశాఖపట్నం పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తాను. మా ఊళ్ళో షిప్పుల మీద పనిచేసేవాళ్ళున్న ఇళ్ళకి కొదవ లేదు. తెలిసినవాళ్ళ ద్వారా లెక్కలు అడగడానికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. సీడీసీ అంటే షిప్పు ఉద్యోగి దగ్గర ఉండే చిన్న పుస్తకం. ఏ తేదీన షిప్పు ఎక్కాడు, ఏ తేదీన దిగాడు అన్నది అందులో స్టాంపు పడుతుంది. పన్ను లెక్కలో ఎన్నారై కింద రావాలంటే ఆ సంవత్సరం మన దేశంలో 182 రోజుల కన్నా తక్కువ ఉండాలి. ఆ రోజులు ఈ స్టాంపులు చూసే లెక్కపెడతారు.

ఆవిడ ఇంట్లో క్యాలెండర్ మీద టిక్కులు పెట్టుకుని లెక్క వేసుకొచ్చింది. నేను స్టాంపులు చూసి వేశాను. రెండు రోజులు తేడా వచ్చింది. "ఫ్లైట్ రోజులయ్యుంటాయమ్మా" అన్నాను. "అంతే అయ్యుంటాదండి" అని కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డాను, జగదాంబ దగ్గర ట్రాఫిక్ కదలడం లేదు. అప్పుడు తట్టింది. తేడా రెండు రోజులు కాకుండా పదకొండు రోజులైతే? మొగుడు షిప్పు దిగిన తేదీకీ ఇంటి గుమ్మం తొక్కిన తేదీకీ మధ్య పదకొండు రోజులు లెక్క తేలకపోతే, ఆ ఇల్లాలు మర్నాడు పొద్దున్న ఆయనకి కాఫీ ఎలా ఇస్తుంది?

అలా మొదలైంది నా నవల. అప్పటికి నేను రాసినవి నాలుగు కథలు, రెండు అచ్చయ్యాయి. నవల ఎలా రాయాలో నాకు తెలీదు. పొద్దున్న నాలుగున్నరకి లేచి, వంటింట్లో బల్ల మీద కూర్చుని, ఆరింటికి పాలవాడొచ్చేదాకా రాసేదాన్ని. ఆదివారాలు ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి పోయేదాన్ని. ఇంట్లో అయితే మిక్సీ, కుక్కరు, మా అబ్బాయి, అన్నీ నా కథలోకి వచ్చేస్తాయి. ఐదున్నర నెలల్లో మొదటి ప్రతి అయిపోయింది. లాసన్స్ బే దగ్గర ఫ్లాటులో కల్యాణి, రఘు. అతను మర్చెంట్ నేవీ. కింద ఫ్లాటులో మాలతి అనే అమ్మాయి. మాలతి ఒకరోజు కనిపించకుండా పోతుంది. రఘు ఆ పదకొండు రోజులూ ఎక్కడున్నాడు? ఇంతే కథ.

మొదటి ప్రతి మా పిన్నికిచ్చాను. సింహాచలంలో ఉంటుంది, టీచరుగా చేసి రిటైరైంది. వారపత్రికల సీరియళ్ళు కాగితాలు చింపి కుట్టుకుని దాచుకున్న తరం. వారం తర్వాత ఫోన్ చేసింది. "మూడో పేజీలోనే వీడు దుర్మార్గుడని తెలిసిపోయింది. మిగతా రెండొందల పేజీలూ నేనెందుకు చదవాలే?" అంది. నాకు కోపం వచ్చింది. "అతను దుర్మార్గుడు కాదు పిన్నీ, చివర్లో తెలుస్తుంది కదా" అన్నాను. "చివరిదాకా ఎవరొస్తారే? ఆ పిల్ల చూడు, కల్యాణి. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు రాశావు. మొగుణ్ణి అనుమానించే ఆడదానికి అంత మంచితనం ఉంటుందా? నువ్వెప్పుడూ ఎవరినీ అనుమానించలేదా ఏం?"

ఆ ప్రశ్న దగ్గర రెండు నెలలు ఆగిపోయాను.

అనుమానించాను. 2019లో. మా ఆయన ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తారు. కొన్నాళ్ళు రాత్రి పదింటికి 'గణేష్ ప్లంబర్' అని ఫోను వచ్చేది. ఆయన బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడేవారు. రాత్రి పదింటికి ప్లంబరుతో ఏం పనుంటుంది చెప్పండి? ఒక ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు టీవీ బల్ల మీదున్న ఫోను తీశాను. బాత్రూంలో బకెట్టు నిండే చప్పుడు వింటూ మెసేజీలు చదివాను. ఆడమనిషి ఎవరూ లేరు. స్నేహితుడి అప్పుకి ఈయన హామీ సంతకం పెట్టారు. వాడు కట్టడం మానేశాడు, ఈయన కడుతున్నారు. గణేష్ ఆ అప్పిచ్చినాయన. ఫోను ఉన్నచోటే పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆయన నాకు చెప్పలేదు. నాకు తెలుసని నేనూ చెప్పలేదు. రెండేళ్ళకి అప్పు తీరినట్టుంది, ఫోన్లు ఆగిపోయాయి.

సిగ్గు ఆ రోజు వేయలేదు. ఇంకో సంగతికి వేసింది, దాన్ని పిన్నికి కూడా చెప్పలేదు. ఆడమనిషి లేదని తెలిశాక హాయిగా ఉండాలి కదా? సాయంత్రానికల్లా, ఇంకో ఫోను ఉందేమో అనుకున్నాను.

ఆ ముక్క దొరికాక నవల మొత్తం కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి కల్యాణి చేత 'నేను' అని చెప్పించాను. అనుమానం మొగుడి మీద, కానీ ఆ అనుమానం ఎలా పెరుగుతుందో చెప్పేది ఆవిడే. ఇక్కడ ఒక చిక్కుంది. కథ చెప్పే మనిషి చదివేవాళ్ళకి అబద్ధం చెప్పొచ్చా? పచ్చి అబద్ధం చెప్పిస్తే చివర్లో పుస్తకం విసిరేస్తారు. నేను ఒక నియమం పెట్టుకున్నాను. కల్యాణి జరగనిది జరిగిందని చెప్పకూడదు. జరిగినదాంట్లో తనకి ఇబ్బందైనది దాటెయ్యొచ్చు. మనం ఇళ్ళల్లో చేసేది అదే కదా. "కూరలకి వెళ్ళాను" అంటాం, పూర్ణా మార్కెట్ నుంచి ఇంకెక్కడికి వెళ్ళామో చెప్పం.

పనికొచ్చిన పద్ధతి నా ఉద్యోగంలోంచే వచ్చింది. బ్యాంకు రికన్సిలియేషన్ అని నెలాఖరుకి చేస్తాం. మన పుస్తకంలో ఒక నిల్వ ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఇంకో నిల్వ ఉంటుంది. రెండూ తప్పు కాదు. చెక్కు ఇచ్చాం, అది బ్యాంకులో ఇంకా పడలేదు, అలాంటి తేడాలు. ఒక పాత లెడ్జరు తీసుకుని నాలుగు గళ్ళు గీశాను. తేదీ, జరిగింది. కల్యాణికి తెలిసింది. రఘుకి తెలిసింది. చదివేవాళ్ళకి తెలిసింది. రోజుకో వరస. ఎక్కడైనా కల్యాణి గడిలో లేనిది ఆవిడ నోట్లోంచి వస్తే ఎర్ర ఇంకుతో సున్నా చుట్టేదాన్ని. మొదటి లెక్కలో పందొమ్మిది సున్నాలు వచ్చాయి. ఒకచోట మాలతి అసలు పేరు కల్యాణికి తెలియకముందే పలికేసింది! నాలుగుసార్లు చదివినా నా కంటపడలేదు, గడిలో పెట్టగానే దొరికింది.

నవల్లో నాకు ఇష్టమైన సీను గడియది. సముద్రానికి ఎదురుగా ఉండే ఇళ్ళల్లో ఉప్పుగాలికి ఇనుము నిలవదు. బాల్కనీ గ్రిల్లు గడియ తుప్పు పట్టి, తీస్తే పక్కింటికి కూడా వినిపించేలా కీచుమంటుంది. కల్యాణికి ఆ చప్పుడే కాపలా. ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే పక్కన రఘు లేడు, గ్రిల్లు తీసి ఉంది, చప్పుడు రాలేదు. గడియ ముట్టుకుంటే వేళ్ళకి జిడ్డు. వాసన చూస్తే కొబ్బరినూనె. పొద్దున్న అడిగితే రఘు నవ్వి, "పోయిన వారం నువ్వే రాశావు కదే, మర్చిపోయావా?" అంటాడు. అంతే. ఆ సాయంత్రం కల్యాణి తన కొబ్బరినూనె సీసా ఎత్తి ఎంత తగ్గిందో చూస్తుంది. సీసాకి బాల్‌పెన్నుతో గీత పెడుతుంది. దీన్ని ఇప్పుడు పిల్లలు గ్యాస్‌లైటింగ్ అంటున్నారు. 1938 నాటి ఒక ఇంగ్లీషు నాటకంలో మొగుడి మూలంగా ఇంట్లో గ్యాస్ దీపాలు తగ్గుతుంటాయి, వాడేమో పెళ్ళాన్ని నీకు మతి చెడుతోందని నమ్మిస్తుంటాడు. మాట అక్కడి నుంచి వచ్చింది. మా పిన్ని తరం దాన్ని 'మనిషిని పిచ్చిదాన్ని చెయ్యడం' అనేది.

రెండో ప్రతి రాసేటప్పుడు తెలిసిన సైకియాట్రిస్టు ఒకాయన్ని కలిశాను. పావుగంట ఇస్తానని గంట కూర్చోబెట్టారు. ముందు ఆయన అడిగిన ప్రశ్న, "మీ కథలో ఎవరైనా తాగుతారా?" ఎందుకంటే జబ్బు స్థాయి అనుమానం తాగుడు అలవాటున్నవాళ్ళలో ఎక్కువగా చూస్తారట. 1955లో టాడ్, డ్యూహర్స్ట్ అనే ఇద్దరు డాక్టర్లు దీనికి 'ఒథెల్లో సిండ్రోమ్' అని పేరు పెట్టారని చెప్పారు. మాకు 'అనుమానం పెనుభూతం' అన్న సామెత ఎప్పటి నుంచో ఉందని నేనన్నాను, ఆయన నవ్వారు. తర్వాత ఆయన చెప్పింది విని నా పెన్ను ఆగిపోయింది. అవతలి మనిషి నిజంగా తప్పు చేస్తున్నా సరే, ఇవతలివాళ్ళ అనుమానం జబ్బే కావచ్చు. ఆ నమ్మకం దేని మీద నిలబడిందో డాక్టరు చూస్తాడు. దిండు మీద ముడత చూసి తేల్చేసుకుంటే, కాకతాళీయంగా అది నిజమే అయినా, ఆ తేల్చుకున్న తీరు జబ్బు తీరే. వెతికినప్పుడల్లా కాసేపు మనసు చల్లబడుతుంది, అందుకే మళ్ళీ వెతుకుతారు అని కూడా అన్నారు. 'ఇంకో ఫోను ఉందేమో' అనుకున్న ఆ సాయంత్రం గుర్తొచ్చి నేను తల వంచుకుని రాసుకున్నాను.

అప్పటిదాకా నా కథ 'కల్యాణిది పిచ్చా, రఘుది మోసమా' అని నడిచేది. రెండూ ఉండొచ్చని ఆ రోజే తెలిసింది. మూడో ప్రతికి అదే వెన్నెముక.

చట్టం విషయంలో మాత్రం నాకు తలనొప్పి మిగిలింది. మొదటి ప్రతిలో కల్యాణి "నిన్నూ దాన్నీ జైల్లో పెట్టిస్తాను" అంటుంది. మా ఆఫీసు పనులు చూసే లాయరు గారు చదివి పక్కన పెద్ద ఇంటూ కొట్టారు. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసే 497 సెక్షన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది. అది ఉన్న రోజుల్లో కూడా భార్య కేసు పెట్టడానికి లేదు, ఆ రెండో ఆడమనిషి మొగుడే పెట్టాలి. ఇదెక్కడి న్యాయమండీ అని అడిగితే, "అందుకే కొట్టేశారు" అన్నారు. కల్యాణి తమ్ముడు ఫోన్ కంపెనీలో ఎవరినో పట్టుకుని రఘు కాల్ లిస్టు తెప్పించే సీను కూడా పోయింది. అది పోలీసులకి చట్టప్రకారం ఇస్తారు గానీ బావమరుదులకి ఇవ్వరు. ఇంకోచోట కల్యాణి మొగుడి మాటలు దొంగచాటుగా రికార్డు చేస్తుంది. ఇవి కోర్టులో నిలబడవమ్మా అని కథలో లాయరు చేత చెప్పించాను, ఆ అధ్యాయం దాని మీదే ముగిసింది. 2025 జులై 14న సుప్రీంకోర్టు, భార్యాభర్తల మధ్య కేసుల్లో అలాంటి రికార్డింగు సాక్ష్యంగా తీసుకోవచ్చు అంది. నేను అధ్యాయం మళ్ళీ రాసుకున్నాను. నిజానికి మేలే జరిగింది. అంతకుముందు కల్యాణి చేతిలో పనికిరాని ఫోను ఉండేది. ఇప్పుడు ఇద్దరి చేతుల్లోనూ పనికొచ్చే ఫోన్లున్నాయి.

ఊరి తప్పులు ఊరివాళ్ళే పట్టారు. మే నెల అర్ధరాత్రి ఫిషింగ్ హార్బర్ నుంచి మరబోటు బయల్దేరినట్టు రాశాను, మాలతి అందులో ఉందేమోనని కల్యాణి భయం. మా ఆఫీసులో అటెండరు వాళ్ళది జాలారిపేట. కథ చెబితే ఒక్క మాటన్నాడు: "మేలో బోటెక్కడెల్తాదమ్మా?" ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఏడాదేడాదీ పేపర్లో చూస్తూనే ఉంటాను, అయినా రాసేటప్పుడు గుర్తు రాలేదు. బోటు తీసెయ్యబోయి ఆగాను. వెళ్ళకూడని రోజుల్లో వెళ్ళిన బోటు అయితే ఇంకా బాగుంటుంది కదా. ఆ వాక్యం ఒక్కటే మార్చాను.

ఇంత చేసినా ఒక కన్నం పూడలేదు. కల్యాణికి అనుమానం ఉందని రఘుకి ఎప్పుడు తెలిసింది? తెలియాలి. తెలియకపోతే గడియకి నూనె రాయడు. అతనికి ఎలా తెలిసిందంటే, ఒక ప్రతిలో వాచ్‌మన్ చెప్పాడు. ఇంకోదాంట్లో మెట్ల మీద సీసీ కెమెరా. ఇంకోదాంట్లో కల్యాణి నిద్రలో పలవరించింది (రాసినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను). లెడ్జరులో రఘు గడి ఆ తేదీ దగ్గర పెన్సిలుతోనే ఉండిపోయింది.

ఒక పోటీకి పంపాను, రాలేదు. కారణం చెప్పరు, అడగడానికీ ఉండదు. సొంతంగా వేసుకుందామని నిర్ణయించుకున్నాను. పుస్తకానికి ఉండే ఐఎస్‌బీఎన్ నంబరు కోసం రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే డబ్బులేం తీసుకోలేదు. కంప్యూటర్లో పేజీలు కట్టే డీటీపీ దగ్గర మాత్రం చుక్కలు కనిపించాయి. నేను యూనికోడ్‌లో టైపు చేశాను, డీటీపీ అబ్బాయి అను ఫాంట్స్‌లోకి మార్చాడు. మారేటప్పుడు ఒత్తులు కొన్ని ఎగిరిపోయాయి. 'భర్త' చాలాచోట్ల 'భర' అయ్యాడు. డెమ్మీ సైజులో 240 పేజీలు, పదహారు పేజీలకొకటి చొప్పున పదిహేను ఫారాలు. ప్రూఫులు దిద్దాలి. నాకేమో నా వాక్యం కనిపిస్తుంది గానీ అక్షరం కనిపించదు.

మా ఆయన నవలలు చదవరు. పేపరు మాత్రం టెండరు ప్రకటనలతో సహా వదలరు, అందులో అచ్చుతప్పు కనిపిస్తే నన్ను పిలిచి చూపిస్తారు. "ఒత్తులు చూసిపెట్టండి, కథ చదవక్కర్లేదు" అని కట్ట ఆయన చేతిలో పెట్టాను. ఆ మాట అన్నప్పుడు 2019 నా మనసులో లేదంటే అబద్ధమే. పేర్లు మార్చాను, ప్లంబర్ని ఏసీ మెకానిక్ చేశాను, అప్పు తీసేశాను. ఇంకేం గుర్తుపడతారులే అనుకున్నాను. డిసెంబరు నెల, ఆయన స్వెట్టరు వేసుకుని బాల్కనీలో కూర్చుని నాలుగు సాయంత్రాలు పెన్సిలుతో దిద్దారు. ఏమీ అనలేదు.

ఐదో రోజు ఆయన పనికి వెళ్ళాక కట్ట తీశాను. శుభ్రంగా దిద్దారు. ల, ళ, ణ, న, పోయిన ఒత్తులన్నీ. 112వ పేజీలో రఘు స్నానానికి వెళ్ళినప్పుడు కల్యాణి అతని ఫోను చూసే సీను ఉంది. 'ఫోను ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేశాను' అని ఆ పేరా చివరి వాక్యం. 'అలాగే' కింద సన్నగా గీత. మార్జిన్‌లో ఆయన చిన్న అక్షరాలు, కరెంటు బిల్లు వెనక లెక్కలు వేసేటప్పటిలాంటివే: 'లేదు. బోర్లా పెట్టిన ఫోను వెల్లకిలా ఉంది. అప్పుడే తెలిసింది.'

కింది వరసలో 'మెట్టు'కి ఒత్తు దిద్దారు. మిగతా పేజీల్లో ఎక్కడా ఇంకో మాట లేదు. నేను పేజీలన్నీ వెనక్కి తిప్పి చూశాను, ఏమైనా ఉందేమోనని.

టీవీ బల్ల మీద ఆయన ఫోను ఎప్పుడూ బోర్లానే ఉంటుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను గమనించనే లేదు.

రాత్రి భోజనాల దగ్గర, "ప్రూఫులు చూశావా?" అన్నారు.

"చూశాను."

"112లో ఒకటుంది."

"చూశాను" అన్నాను. "చారు పోయనా?" "పొయ్యి." మా అబ్బాయి మా ఇద్దరి వంకా చూసి మళ్ళీ ఫోనులో పడ్డాడు.

ఆ రాత్రే లెడ్జరు తీసి రఘు గడిలో పెన్సిలు గీతలు చెరిపి, ఇంకుతో రాశాను. వాచ్‌మన్, కెమెరా అన్నీ పోయాయి. ఒక ఫోను, దాని వీపు, అంతే. ఆ ఒక్క వరస నిండేసరికి తర్వాత రెండు అధ్యాయాలు మార్చాల్సొచ్చింది. ఎందుకంటే ఇప్పుడు రఘుకి అన్ని రోజులుగా తెలుసు, తెలిసీ కల్యాణి ఇచ్చిన కాఫీ తాగుతున్నాడు. డీటీపీ అబ్బాయి లబోదిబోమన్నాడు. పేజీలు కట్టేశాక వాక్యం పెంచితే వెనకవన్నీ జరుగుతాయట. అదనపు డబ్బులిచ్చి, వాళ్ళ షాపులో స్టూలు మీద కూర్చుని, 112 నుంచి చివరిదాకా మళ్ళీ కట్టించాను. పేజీ పెరగకుండా ఉండటానికి నాకిష్టమైన వర్ణనలు రెండు తీసేశాను. ఒకటి కైలాసగిరి మీద వాన. పోతే పోయింది.

మూడొందల కాపీలు వేశాం. మొదటి కట్ట విప్పగానే పిన్నికి ఒకటి పంపాను. రెండు రోజుల్లో ఫోన్ చేసింది. కూతురి ఇంటికి వెళ్ళాల్సింది, పుస్తకం అయ్యేదాకా ప్రయాణం మానుకుందట.

"అన్నీ సరే గానీ," అంది, "ఆ ఫోను వెల్లకిలా ఉండటం ఎలా తట్టిందే నీకు?"

"మా ఆయన చెప్పారు పిన్నీ."

"అతను నవలలు చదవడు కదే!"